జ్వరం తగ్గాక మిగిలిన 11 రోజుల మాత్రలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 28 ఏళ్లు. రంపచోడవరం అవతల రోడ్డు పనుల్లో జేసీబీ నడుపుతాడు. దసరాకి ఇంటికి వచ్చిన రెండో రోజే ఒళ్లంతా వణికిపోతూ చలిజ్వరం వచ్చింది. పీహెచ్‌సీలో రక్తం చూసి మలేరియా అన్నారు, వైవాక్స్ రకమట. 3 రోజులకు ఒక రకం మాత్రలు, 14 రోజులకు ఇంకో రకం ఇచ్చారు. మూడో రోజుకే జ్వరం పోయింది. ‘నాకు బాగానే ఉంది, అవి వేసుకుంటే కడుపులో మంట’ అని మిగిలినవి ఇంట్లోనే వదిలేసి పనికి వెళ్లిపోయాడు. 11 రోజుల మాత్రలు డబ్బాలో ఉన్నాయి. మా ఎదురింటి కుర్రాడికి మలేరియా వస్తే ఆ మాత్ర ఒక్క రోజే ఇచ్చారు, మావాడికి 14 రోజులెందుకు? ఎక్కువ వాడితే లివర్ పాడవుతుందని మా ఆయన అంటున్నారు. మా కోడలికి ఐదో నెల. ముందుజాగ్రత్తగా ఈ మాత్రలు ఆమెకు వేయవచ్చా? మా ఆయనకు షుగరు, గుండె మాత్రలు ఉన్నాయి. ఆయనకు జ్వరం వస్తే ఇవి వాడొచ్చా? అబ్బాయి ఇంకా ఏడాది అక్కడే ఉండాలి. వారానికో మాత్ర వేసుకుంటే మలేరియా రాదని వాళ్ల మేస్త్రీ చెప్పాడట, నిజమేనా?

సమాధానం: అమ్మా, అన్నిటికన్నా ముందు కోడలి సంగతి. ఆ మాత్రలు ఆమెకు వేయకండి, ఒక్కటి కూడా. ఇది చదవగానే చేయాల్సిన పని ఏమిటంటే, ఆ డబ్బాను మిగతా మందుల్లోంచి తీసి పక్కన పెట్టడం. మిగతా విషయాలు తరవాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ అబ్బాయికి 14 రోజులకు ఇచ్చింది ప్రైమాక్విన్ అయి ఉంటుంది. వైవాక్స్ మలేరియాకి మన దేశంలో ఇచ్చే పద్ధతి అదే. 3 రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్. ఈ రెండోది గర్భిణులకు ఇవ్వకూడదు. దానికి కారణం ఉంది. మన ఎర్ర రక్తకణాల్లో జీ6పీడీ అనే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. కొందరికి అది పుట్టుకతోనే తక్కువ. వాళ్లు ప్రైమాక్విన్ వేసుకుంటే రక్తకణాలు పగిలిపోతాయి. తల్లికి ఆ లోపం లేదని పరీక్షలో తేలినా, కడుపులో బిడ్డకు ఉందో లేదో చూసే దారి లేదు. అందుకే నిజంగా వైవాక్స్ వచ్చిన గర్భిణికి కూడా క్లోరోక్విన్ మాత్రమే ఇచ్చి, ప్రైమాక్విన్‌ను కాన్పు తరవాతకు వాయిదా వేస్తారు. అప్పుడు కూడా బిడ్డ 6 నెలల లోపు పాలు తాగుతుంటే మళ్లీ ఆలోచిస్తారు. అలాంటిది, జ్వరమే లేని మనిషికి ముందుజాగ్రత్త పేరుతో వేయడం ఎంత ప్రమాదమో మీరే చూడండి. పైగా మన దగ్గర ఆ మాత్రను ముందుజాగ్రత్తకని ఇవ్వరు కూడా.

కోడలికి కావలసింది దోమతెర. పగలు ఎలా ఉన్నా, చీకటి పడింది మొదలు తెల్లారేదాకా మలేరియా దోమ కుట్టే వేళ. ఆమెకు ఒళ్లు కాస్త వెచ్చబడినా ‘వేవిళ్ల నీరసంలే, తిరుగుడు ఎక్కువైందిలే’ అని సరిపెట్టుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. గర్భంతో ఉన్నప్పుడు మలేరియా వస్తే రక్తం బాగా తగ్గిపోతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది, ఒక్కోసారి బిడ్డే దక్కకుండా పోతుంది. పరీక్షలో మలేరియా తేలితే మందుకు వెనకాడకండి. గర్భిణికి సరిపడే మలేరియా మందులు ఉన్నాయి. ఏది ఇవ్వాలన్నది రకాన్ని బట్టి, నెలను బట్టి డాక్టరు చెబుతారు.

ఇక మీ వారి మాట. లివర్ పాడవుతుందన్న భయం అక్కర్లేదు కానీ, ఆయన లివర్ ఊసెత్తడం మాత్రం మంచిదైంది. అసలు సంగతి ఉన్నది అక్కడే. వైవాక్స్ క్రిమి రక్తంలో తిరిగేది కొంత, లివర్‌లో నిద్రపోయేది కొంత. చలి, వణుకు, జ్వరం అన్నీ రక్తంలో ఉన్నవాటి పని. క్లోరోక్విన్ వాటిని చంపుతుంది, అందుకే మూడో రోజుకి మనిషి లేచి తిరుగుతాడు. లివర్‌లో నిద్రపోతున్నవాటిని క్లోరోక్విన్ తాకదు. వరిచేలో తుంగను పైపైన కోసేస్తే చేను శుభ్రంగా కనిపిస్తుంది, మట్టిలో గడ్డ అలాగే ఉంటుంది. ఆ గడ్డను తీసే పని ప్రైమాక్విన్‌ది. మీ అబ్బాయి పైది కోసి వెళ్లిపోయాడు. కొన్ని వారాలకో, కొన్ని నెలలకో ఏ దోమా కుట్టకుండానే అదే జ్వరం మళ్లీ రావచ్చు. సరిగ్గా సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు వచ్చిందనుకోండి, మీ అబ్బాయి రక్తం తాగిన దోమ తరవాత కుట్టేది మీ ఇంట్లోవాళ్లనే. మన కాలవల్లో, వరిచేలల్లో పెరిగే దోమలకూ మలేరియాను మోసే శక్తి ఉంది. మలేరియా అంటే ఏజెన్సీలోనే అనుకుని డెల్టాలో ధీమాగా ఉంటాం కానీ, కొండ మీద పని చేసి వచ్చే కుర్రాళ్లు ఇంటింటా ఉన్నారు.

ఎదురింటి కుర్రాడికి ఒక్క రోజే ఎందుకిచ్చారంటే, ఆయనకు వచ్చింది బహుశా ఫాల్సిపారం రకం. అది లివర్‌లో నిద్రపోదు. దాన్ని తగ్గించేది ఆర్టెమిసినిన్ జాతి మందు, ఇంకో మందు కలిసిన 3 రోజుల కోర్సు. ప్రైమాక్విన్ ఒక్క మోతాదు ఇచ్చేది రోగి కోసం కాదు, ఆయన్ని కుట్టిన దోమ ద్వారా పక్కవాళ్లకు పాకకుండా ఉండటానికి. అదే మాత్ర, కానీ పని వేరు, మోతాదు వేరు, రోజులు వేరు. వీధిలో ఒకరి చీటీ చూసి ఇంకొకరు మందు వాడితే ఇక్కడే దెబ్బ తింటారు. రకం తెలియకుండా మలేరియా మాత్ర అంటూ ఒకటి లేదు. అందుకే పీహెచ్‌సీ కాగితం మీద ‘పి.వి.’ అనో ‘పి.ఎఫ్.’ అనో రాసి ఉంటుంది. మొదటిది వైవాక్స్, రెండోది ఫాల్సిపారం. ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోమని మీ అబ్బాయికి చెప్పండి.

ఇప్పుడు మీ అబ్బాయి ఏం చేయాలి? మిగిలిన మాత్రలు బస్సులో పంపేసి ‘వేసుకోరా’ అని ఫోన్ చేయడం కాదు. తను పని చేసే చోటికి దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లి, ఏ తేదీన మొదలుపెట్టాడో, ఎన్ని రోజులు వేసుకుని ఆపేశాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏజెన్సీ పీహెచ్‌సీల్లో మలేరియా చూసి చూసి ఆరితేరినవాళ్లు ఉంటారు. ఆపిన చోటి నుంచి కొనసాగించాలా, మళ్లీ మొదలుపెట్టాలా అన్నది వాళ్లు తేలుస్తారు. మొత్తం మోతాదు శరీరంలోకి వెళ్లడం ముఖ్యం కాబట్టి ఈసారి మధ్యలో వదిలేయకూడదు. అలాగని పోయిన రోజులవన్నీ కలిపి ఒకేసారి మింగే పని అసలు వద్దు. కుర్రాళ్లు అలాంటివి చేస్తారు, అందుకే చెబుతున్నాను.

వెళ్లినప్పుడు జీ6పీడీ పరీక్ష గురించి అడగమనండి. అది చిన్న రక్తపరీక్ష. ప్రతి పీహెచ్‌సీలో ఉండకపోవచ్చు, పెద్దాసుపత్రుల్లో చేస్తారు. ఈ లోపం తల్లి నుంచి కొడుకులకు వచ్చే రకం, అందుకే మగవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. లోపం ఉన్నవాళ్లకు రోజూ వేసే 14 రోజుల కోర్సు పనికిరాదు. డాక్టరు కనిపెట్టుకుని ఉండి, వారానికి ఒకసారి చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి వేరే ఉంది. మీవాడు 3 రోజులు వేసుకున్నా ఏమీ కాలేదంటే కొంత ధైర్యమే, కానీ పూర్తి హామీ కాదు. కాబట్టి గుర్తులు తెలిసి ఉండాలి. మూత్రం డికాషన్ రంగులోనో కోలా రంగులోనో వస్తే, కళ్లు పచ్చబడితే, మొహం పాలిపోయి నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే, మాత్ర వెంటనే ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ‘వేడి చేసింది, మజ్జిగ తాగితే తగ్గుతుంది’ అని ఆగకూడదు. మన దగ్గర మూత్రం రంగు మారితే అందరికీ ముందు తోచేది వేడే. మామూలప్పుడు ఆ మాట ఎలా ఉన్నా, ప్రైమాక్విన్ వాడే రోజుల్లో మాత్రం దాన్ని పక్కన పెట్టండి.

కడుపులో మంట అన్నాడు కదా, అది నిజమే. ఖాళీ కడుపున వేసుకుంటే ప్రైమాక్విన్ పొట్టలో నొప్పి పెడుతుంది, క్లోరోక్విన్ అయితే వాంతి తెప్పిస్తుంది. జ్వరం రాగానే మన ఇళ్లలో ‘లంఖణం పరమౌషధం’ అని అన్నం మాన్పించి బ్రెడ్డు ముక్క చేతిలో పెడతారు. ఈ మందులకు ఆ పత్యం పనికిరాదు. కడుపునిండా అన్నం తిన్న తరవాతే వేసుకోవాలి. పెరుగన్నమైనా సరే, పప్పన్నమైనా సరే. ఫాల్సిపారానికి ఇచ్చే మందుల్లో ఆర్టెమెథర్, లూమెఫాంట్రిన్ కలిసినది ఒకటుంది. దాన్నైతే పాలతోనో, కొంచెం నెయ్యో నూనో ఉన్న తిండితోనో తీసుకోవాలి. కొవ్వు లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. జ్వరం మనిషికి నెయ్యా అని పెద్దవాళ్లు గొడవ చేస్తారు. చేయనివ్వండి.

మాత్ర వేసుకున్న అరగంటలోపే వాంతి అయిపోతే ఆ మోతాదు లెక్కలోకి రాదు, మళ్లీ వేసుకోవాల్సి ఉంటుంది. ఇచ్చినవాళ్లను అడిగి వేసుకోండి. రెండోసారీ నిలవకపోతే ఇంట్లో ప్రయత్నాలు ఆపి ఆసుపత్రికి వెళ్లడమే. మంటకని జెలూసిల్, డైజీన్ లాంటివి వాడే అలవాటుంటే, క్లోరోక్విన్‌కూ దానికీ 4 గంటల ఎడం ఉండాలి. రెండూ పక్కపక్కన వేస్తే మలేరియా మందు సరిగా పనిచేయదు. ఆ 14 రోజులు బీరు, బ్రాందీ జోలికి పోవద్దని కూడా అబ్బాయికి చెప్పండి. ఈ మాట తల్లి చెబితే కోపం వస్తుందనుకుంటే నేను రాశానని చూపించండి.

మీ వారి విషయానికి వద్దాం. ఆయనకు జ్వరం వస్తే డబ్బాలో మాత్ర తీసి వేయడం రెండు విధాలా తప్పు. ఒకటి, మన డెల్టాలో జ్వరమంటే మలేరియా ఒక్కటే కాదు. డెంగీ ఉంది, టైఫాయిడ్ ఉంది, చేలో నీళ్లలో తిరిగేవాళ్లకు లెప్టోస్పైరోసిస్ ఉంది. పరీక్ష చేయకుండా ఏదని చెబుతాం? డెంగీ కాదని తేలేదాకా ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి వేయకూడదు, పారాసిటమాల్‌తో సరిపెట్టాలి. రెండు, ఆయన మందులతో పేచీ. డబ్బాలో మిగిలింది ప్రైమాక్విన్ అయినా, మలేరియా అనగానే చాలామంది వేసుకునే క్లోరోక్విన్ గుండె లయ మీద ప్రభావం చూపుతుంది. అమియోడరోన్, డిగాక్సిన్ లాంటి గుండె మందులు వాడేవాళ్లకు డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు. దగ్గుకూ గొంతునొప్పికీ మెడికల్ షాపులో చటుక్కున ఇచ్చేసే అజిత్రోమైసిన్‌తో కలిసినా ఇదే ఇబ్బంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకు క్లోరోక్విన్ షుగరును ఇంకా కిందికి లాగవచ్చు. జ్వరంలో తిండి తగ్గి, పైన ఇది తోడైతే కళ్లు తిరిగి పడిపోతారు. ఆయన వాడే మందుల చీటీ జేబులో పెట్టుకుని వెళ్లమనండి. అడిగినా అడగకపోయినా చూపించాలి. సల్ఫా మందులు పడని చరిత్ర ఉంటే అదీ చెప్పాలి. ఫాల్సిపారానికి ఇచ్చే ఒక కోర్సులో సల్ఫా ఉంటుంది.

మెడికల్ షాపు గురించి మీరు అడగలేదు కానీ, చెప్పకుండా వదలలేను. క్లోరోక్విన్ ఫాస్ఫేట్ 250 మిల్లీగ్రాముల మాత్రలో అసలు మందు 150 మిల్లీగ్రాములు. 500 మాత్రలో 300. పెద్దవాళ్లకు మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2 అని చెప్పే లెక్క ఆ చిన్న మాత్రది. పక్కింటివాళ్ల దగ్గర ఈ అంకెలు విని, షాపులో 500వి కొని అలాగే మింగితే మోతాదు రెట్టింపు అవుతుంది. క్లోరోక్విన్‌లో సరైన మోతాదుకూ ప్రమాదకరమైన మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. ప్రైమాక్విన్ కూడా రెండున్నర, ఏడున్నర, పదిహేను మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. కాబట్టి రోజుకి ఎన్ని మాత్రలన్నది కాదు, ఎన్ని మిల్లీగ్రాములన్నది చూడాలి. అసలు ఇవన్నీ పీహెచ్‌సీలో పరీక్షతో సహా ఉచితంగా దొరుకుతుంటే, షాపులో అంచనా మీద కొనడం ఎందుకు?

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక్క ఇంజెక్షన్‌తో జ్వరం దింపించుకునే అలవాటు గురించీ అంతే. ఆ పూటకి జ్వరం దిగుతుంది. రకం తెలియదు, కోర్సు పూర్తవదు, లివర్‌లో ఉన్నది అలాగే ఉంటుంది. ఫాల్సిపారం అయితే ఈ అరకొర వైద్యం ప్రాణం మీదికి తెస్తుంది. మగతగా ఉండటం, మాట తడబడటం, ఫిట్స్, ఆయాసం, నీళ్లు కూడా నిలవకపోవడం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి అమలాపురమో, కాకినాడో, రాజమండ్రో పెద్దాసుపత్రికి చేర్చాలి. ఒక్క రోజులో మనిషి తారుమారైపోతాడు.

మేస్త్రీ చెప్పిన వారానికో మాత్ర పాత పద్ధతి. ఒకప్పుడు క్లోరోక్విన్ అలా ఇచ్చేవాళ్లు, ఆ జ్ఞాపకం జనంలో మిగిలిపోయింది. ఫాల్సిపారం క్లోరోక్విన్‌కు లొంగడం మానేసింది. మన దేశంలో ఆ సంగతి 1973లోనే అస్సాంలో బయటపడింది. మీవాడు ఉన్నది ఫాల్సిపారం తిరిగే కొండల్లో. ఆ మాత్ర వేసుకుని రక్షణ ఉందనుకోవడం ఏమీ వేసుకోకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే జ్వరం వచ్చినా ‘నాకు మలేరియా కాదులే’ అని ఆలస్యం చేస్తాడు. ముందుగా వేసుకునే మందులు లేకపోలేదు. కొద్ది వారాల కోసం వెళ్లేవాళ్లకు డాక్సీసైక్లిన్ రోజూ ఇస్తారు. వెళ్లడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు కూడా వాడాలి. ఎక్కువ కాలానికి మెఫ్లోక్విన్ ఉంది కానీ, ఫిట్స్, డిప్రెషన్, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు అది పడదు. పైగా యంత్రం నడిపే మనిషికి తలతిప్పే మందు అంటే ఆలోచించాల్సిందే. ఏడాది పాటు అక్కడే ఉండి పని చేసేవాడికి నేను చెప్పేది మందు పూసిన దోమతెర, సాయంత్రం నిండు చేతుల చొక్కా, క్యాంపులో గోడలకు మందు కొట్టడానికి వస్తే అడ్డు చెప్పకపోవడం, జ్వరం వచ్చిన 24 గంటల్లో రక్తపరీక్ష. అంతకుమించి మందులు కావాలంటే ఆయన్ని చూసిన డాక్టరే రాయాలి.

ఇంకో చిన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది, మన జిల్లాల్లో చాలామందికి వస్తుంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్రలు మలేరియాను ఆపవు. అవి వేరే క్రిమికి, వేరే దోమ తెచ్చే జబ్బుకి. ‘మొన్ననే దోమల మాత్రలు వేసుకున్నాం కదా’ అని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి.

మళ్లీ జ్వరం వస్తే మీ అబ్బాయి చెప్పాల్సిన మొదటి మాట ‘నాకు ఫలానా నెలలో వైవాక్స్ వచ్చింది, కోర్సు మధ్యలో ఆపాను’ అని. అప్పుడు అక్కడికక్కడే గీత చూసి చెప్పే కార్డు పరీక్షతో ఆగకుండా గాజు పలక మీద రక్తపు చుక్క వేసి మైక్రోస్కోపులో చూడమని అడగాలి. ముఖ్యంగా ఫాల్సిపారం వచ్చి తగ్గినవాళ్లకు జబ్బు పోయాక కూడా కొన్ని వారాలపాటు కొన్ని కార్డుల్లో గీత కనిపిస్తూనే ఉంటుంది. అది చూసి మళ్లీ మందు మొదలుపెట్టేవాళ్లున్నారు.

ఇక ఆ డబ్బా. అందులో క్లోరోక్విన్ ఏమైనా మిగిలి ఉండి, ఇంట్లో గానీ చుట్టాల్లో గానీ చిన్నపిల్లలు వచ్చిపోతుంటే జాగ్రత్త, ఆ మాత్ర ఒకటో రెండో మింగినా పసివాళ్ల ప్రాణం పోయే ప్రమాదం ఉంది. పొరపాటున మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నాలతో సమయం పోగొట్టకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. మిగిలిన ప్రైమాక్విన్‌ను తరవాతి జ్వరానికని దాచకండి, ఎవరికీ ఇవ్వకండి, పంటకాలవలో పారేయకండి. మీ ఊరి ఆశ కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో అప్పగించి, మావాడు కోర్సు ఆపేశాడని చెప్పండి. వాళ్ల రిజిస్టరులో ఆయన పేరు పక్కన మందు పూర్తయిందని రాసి ఉంటే దాన్ని సరిచేసి, అటువైపు సిబ్బందికి కబురు పెట్టగలరు. ఆమె వచ్చినప్పుడే కోడలికి దోమతెర సంగతి కూడా అడగండి.